కనుమ నాడు సెలవు ఎవరికి? పండగల చుట్టూ సెలవులు పెట్టుకునే లెక్క

కోనసీమలో కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద పొలాలకు అడ్డంపడి తోటకు చేరతాయి. ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్లకు సంక్రాంతి అంటే భోగి మంట కాదు, ముగ్గు కాదు, ఆ తీర్థమే. కానీ హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కోనసీమ మనిషికి కనుమ పనిరోజు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జాబితాలో కనుమ సాధారణ సెలవు, తెలంగాణ జాబితాలో అది ఐచ్ఛిక సెలవు. భోగికి, సంక్రాంతికి సెలవిచ్చి, అసలు పండగ నాటికి ఆఫీసుకు రమ్మన్నట్టు ఉంటుంది. మా ఇంట్లో ప్రతి ఏడాదీ సెలవుల చర్చ ఇక్కడే మొదలవుతుంది.

కొత్త క్యాలెండర్ రాగానే అందరం ఎర్ర అంకెలు వెతుకుతాం. ఎక్కడ ఒక్క సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయో చెప్పే జాబితాలు ఫోన్లలో తిరుగుతాయి. వాటిలో లెక్క తప్పు ఉండదు. కానీ ఆ లెక్క మీకు వర్తిస్తుందా లేదా అన్నది మీరు ఏ రాష్ట్రంలో, ఎలాంటి ఉద్యోగంలో, ఏ రకం సెలవు వాడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పండగ తేదీ ఎలా వచ్చింది, సెలవు ఎవరిచ్చారు, మధ్యలో పడిన ఆదివారం ఎవరి ఖాతాలోకి పోతుంది అన్న మూడూ తెలిస్తే ఆ జాబితాలతో పెద్దగా పని ఉండదు.

తేదీలు ఎందుకు కదులుతాయి

ఇంగ్లిష్ తేదీతో వచ్చే సెలవుల సంగతి తేలిక. ఏడాదికి 365 రోజులు, అంటే యాభై రెండు వారాల మీద ఒక రోజు. అందుకే ఆగస్టు 15 ఏటా వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది. 2025లో శుక్రవారం, 2026లో శనివారం, 2027లో ఆదివారం. 2028 లీపు సంవత్సరం కాబట్టి రెండు రోజులు దూకి మంగళవారానికి వెళ్తుంది. అక్టోబరు 2, డిసెంబరు 25 కూడా ఇదే దారి. జనవరి 26 కూడా అంతే, కాకపోతే అది రెండు రోజులు దూకేది లీపు సంవత్సరం తర్వాతి ఏడాది.

చాంద్రమానం పండగల దగ్గరే తికమక. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు. సూర్యుడి ఏడాది కంటే పదకొండు రోజులు తక్కువ. అందుకే ఉగాది 2025లో మార్చి 30న వస్తే, 2026లో మార్చి 19నే వచ్చింది. ఇలా వదిలేస్తే ఉగాది చలికాలంలోకి జారిపోతుంది. అలా పోకుండా దాదాపు రెండున్నర, మూడేళ్లకోసారి ఒక అధిక మాసం చేరుస్తారు. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. దాని ముందు పడ్డ పండగలు పదకొండు రోజులు ముందుకొస్తే, తర్వాతివి వెనక్కి వెళ్తాయి. వినాయక చవితి 2025లో ఆగస్టు 27, 2026లో సెప్టెంబరు 14. దసరా అక్టోబరు 2 నుంచి అక్టోబరు 20కి, దీపావళి అక్టోబరు 20 నుంచి నవంబరు 8కి పోయాయి. గుర్తు పెట్టుకోవడానికి ఇదొక్కటి చాలు: మధ్యలో అధిక మాసం లేకపోతే పండగ పోయినేటి కంటే పదిపదకొండు రోజులు ముందు, ఉంటే పద్దెనిమిది పంతొమ్మిది రోజులు ఆలస్యం.

ముస్లింల క్యాలెండర్‌లో అధిక మాసం లేదు. అందుకే రంజాన్ ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకొస్తూ అన్ని కాలాలూ తిరిగొస్తుంది. పైగా నెలవంక కనిపిస్తేనే పండగ. జాబితాలో ముందుగా అచ్చేసిన తేదీ ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. రంజాన్, బక్రీద్‌లను నమ్ముకుని వెనక్కి ఇవ్వలేని టికెట్లు కొనకూడదు.

హిందూ పండగల్లో కూడా ఒక్కోసారి ఈ పేచీ ఉంటుంది. 2024లో దీపావళి ఎప్పుడన్న వాదన చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం మొదలై మర్నాడు సాయంత్రం దాకా ఉంది. మామూలుగా సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి. కానీ దీపావళికి సాయంత్రం ప్రదోష వేళ అమావాస్య ఉండాలి. మన రెండు రాష్ట్రాలూ 31నే సెలవిచ్చాయి. పండగకో నియమం ఉంటుంది. తేదీ మీద గొడవ వినిపించిందంటే ఎవరో పొరపడ్డారని కాదు, తిథి రెండు రోజుల మీద పరుచుకుందని అర్థం.

సంక్రాంతి మాత్రం సూర్యుడి పండగ. మకర రాశి ప్రవేశాన్ని బట్టి జనవరి 14నో 15నో వస్తుంది. అందుకే ఏడాది మొత్తంలో ముందుగా ప్లాన్ చేసుకోవడానికి ఇంత నమ్మకమైన పండగ మరొకటి లేదు.

వారం మారని సెలవులు రెండున్నాయి. గుడ్ ఫ్రైడే ఎప్పుడొచ్చినా శుక్రవారమే. తెలంగాణలో బోనాల సెలవు సోమవారమే. ఆదివారం బోనం ఎత్తితే మర్నాడు సెలవు. శనాదివారాలు సెలవున్న ఉద్యోగికి ఈ రెండూ ఏటా మూడేసి రోజులు ఇస్తాయి, సొంత సెలవు ఒక్కటీ ఖర్చు కాకుండా.

ఇన్ని లెక్కలు ఒకదాని మీద ఒకటి పడి తిరుగుతుంటాయి కాబట్టే ఒక ఏడాది సెలవులు నిండుగా, మరో ఏడాది పలచగా కనిపిస్తాయి. 2025లో గాంధీ జయంతి, దసరా ఒకే గురువారం పడ్డాయి. రెండు సెలవులు ఒకటయ్యాయి. 2026లో దీపావళి ఆదివారం, స్వాతంత్ర్య దినం శనివారం. బ్రిటన్‌లో ఇలాంటి సెలవు శనాదివారాల్లో పడితే బదులు మరో రోజు ఇస్తారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు, పోయిన సెలవు పోయినట్టే.

ఎవరి జాబితా మీది

ప్రభుత్వం ఏటా రెండు జాబితాలు ఇస్తుంది. సాధారణ సెలవులు అందరికీ. ఐచ్ఛిక సెలవుల పెద్ద జాబితాలోంచి ఉద్యోగి తనకు కావలసినవి ఎంచుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదికి ఐదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు రెండు. ఈ ఐచ్ఛిక సెలవులను చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో జాబితా మొత్తంలో విలువైనవి ఇవే. ఎందుకన్నది కాసేపట్లో చెబుతాను.

బ్యాంకులది వేరే దారి. వాటి సెలవులు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద ప్రకటిస్తారు. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు కూడా మూతే. చెక్కు పనో, లోను పనో ఉంటే ఈ జాబితా కూడా చూసుకోవాలి.

ప్రైవేటు సంస్థలు, ఫ్యాక్టరీలు ప్రభుత్వ జాబితా మొత్తం పాటించక్కర్లేదు. జాతీయ సెలవులు, కొన్ని పండగ సెలవులు ఇవ్వాలని 1974 నాటి రాష్ట్ర చట్టం చెబుతుంది. మిగతాది యాజమాన్యం ఇష్టం. ఆ సెలవు రోజున పని చేయిస్తే రెట్టింపు కూలీ ఇవ్వాలి, లేదా ఆ రోజు కూలీతో పాటు బదులు సెలవైనా ఇవ్వాలి. మనం పండగకు ఊరెళ్లే బస్సు నడిపేవాళ్లు, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సులు, కరెంటు పోతే స్తంభం ఎక్కేవాళ్లు పండగ నాడే పనిలో ఉంటారు. వాళ్లకు ఈ బదులు సెలవే అసలు పండగ. దాన్ని వాడుకోవడానికి చాలాచోట్ల గడువు ఉంటుంది. ఆ గడువు దాటనివ్వకూడదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇంకో చిక్కు. క్లయింట్ అమెరికాలో ఉంటే అక్కడి క్యాలెండర్ కూడా మీదే. 1968లో చేసిన చట్టంతో అమెరికా కొన్ని సెలవులను సోమవారాలకు జరిపింది, 1971 నుంచి అది అమల్లో ఉంది. అందుకే మే చివరి సోమవారం మెమోరియల్ డే. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే మాత్రం అంతకు చాలా ముందు నుంచే ఉంది. నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్ గివింగ్. ఆ వారాల్లో అటునుంచి మెయిళ్లు తగ్గుతాయి. ఇక్కడ సెలవు అడిగితే కాదనేవాళ్లూ తగ్గుతారు. సంక్రాంతికి మాత్రం అక్కడ మామూలు పనివారమే. ఆ దేశంలో ఉన్న మనవాళ్లు తెలుగు సంఘాల్లో సంక్రాంతిని దగ్గర్లోని శనాదివారాలకు జరుపుకునేది కూడా అందుకే.

మధ్యలో పడిన ఆదివారం

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక సంస్థలో గురువారం పండగ వచ్చింది. శుక్రవారం సెలవు పెట్టి ఊరెళ్లాను. ఆదివారం రాత్రి జ్వరం తగిలి సోమవారం కూడా సెలవు పెట్టాను. నెలాఖరులో జీతం చీటీ చూస్తే నాలుగు సెలవులు కోసి ఉన్నాయి. మధ్యలోని శని, ఆదివారాలు కూడా సెలవు కింద లెక్కేశారు. దీన్నే శాండ్‌విచ్ రూల్ అంటారు. రెండు వైపులా సెలవు పెడితే మధ్యలో నలిగిన వారాంతం, పండగ కూడా మీ సెలవులే. నాకు అది అన్యాయం అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ఆదివారం నా కష్టార్జితం, దాన్ని నా ఖాతాలోంచి తీసుకోవడం ఏమిటి?

చట్టం అన్నిచోట్లా ఒకలా లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది) కార్మికుడి వార్షిక సెలవులో పండగలు, వారాంతాలు కలపకూడదని స్పష్టంగా చెప్పింది. సెలవు మధ్యలో పడినా, ఏ చివర పడినా సరే. ఆఫీసు ఉద్యోగుల దగ్గరికి వచ్చేసరికి సంస్థ నియమావళే మాట్లాడుతుంది.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల నియమం ఇంకోలా ఉంటుంది. క్యాజువల్ లీవులు ఏడాదికి 15. వాటికి ఆదివారాలు, పండగలు, ఐచ్ఛిక సెలవులు కలుపుకోవచ్చు. మధ్యలో వచ్చిన ఆదివారం క్యాజువల్ లీవు కింద పోదు. కానీ మొత్తం ఆఫీసుకు రాని రోజులు పది దాటకూడదు. ఆర్జిత సెలవు (ఎర్న్‌డ్ లీవు) పెడితే కథ మారిపోతుంది. సెలవుకు ముందూ వెనకా వచ్చే పండగలను అనుమతితో కలుపుకోవచ్చు, కానీ మధ్యలో పడ్డ ప్రతి ఆదివారం ఆర్జిత సెలవుల ఖాతాలోంచే పోతుంది. పైగా క్యాజువల్ లీవుకు ఆర్జిత సెలవు అంటుకట్టడానికి వీల్లేదు. కాబట్టి పండగలు ఎక్కువున్న వారానికి క్యాజువల్ లీవు, పండగ లేని పొడవాటి విరామానికి ఆర్జిత సెలవు వాడటం మంచిది. దీన్ని తిరగేసి వాడి నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను.

2026 సంక్రాంతిని విప్పి చూస్తే

భోగి జనవరి 14 బుధవారం, సంక్రాంతి 15 గురువారం, కనుమ 16 శుక్రవారం. హైదరాబాద్‌లో శనాదివారాలు సెలవుండే ఉద్యోగికి శుక్రవారం ఒక్కటి దొరికితే బుధవారం నుంచి ఆదివారం దాకా ఐదు రోజులు. ఈ ఒక్క సెలవుకు శాండ్‌విచ్ గొడవ లేదు. ముందు పండగ ఉంది, వెనక వారాంతం ఉంది, రెండు వైపులా మీరు పెట్టిన సెలవు లేదు.

ఆశ పెరిగి 12, 13 తేదీలు కూడా పెట్టారనుకోండి. పదో తేదీ శనివారం నుంచి పద్దెనిమిది ఆదివారం దాకా తొమ్మిది రోజులు, ఖర్చు మూడు సెలవులు. లాంగ్ వీకెండ్ జాబితాలు చూపించేది ఇదే. కానీ శాండ్‌విచ్ రూల్ ఉన్న సంస్థలో ఇప్పుడు 13న మీ సెలవు, 16న మీ సెలవు, మధ్యలో భోగి, సంక్రాంతి. మూడు కాస్తా ఐదవుతాయి. పండగ సెలవులు రెండూ మీ చేతి నుంచే పోతాయి.

ఐచ్ఛిక సెలవు విలువ ఇక్కడ తెలుస్తుంది. 16న కనుమకు మామూలు సెలవు కాకుండా ఐచ్ఛిక సెలవు వాడితే, ఆ రోజు కూడా పండగ సెలవుల్లో చేరిపోతుంది. మీరు పెట్టిన సెలవు 12, 13 మాత్రమే, అదీ ఒక వైపే. చాలా సంస్థల నియమం ప్రకారం ఇక మధ్యలో నలిగేది ఏదీ లేదు. అవే తొమ్మిది రోజులు, ఖాతాలోంచి పోయేవి రెండే. పెట్టిన రోజుల సంఖ్య కంటే ఏ రోజుకు ఏ రకం సెలవు పెట్టామన్నదే ముఖ్యం. మీ సంస్థ ఐచ్ఛిక సెలవును ఎలా లెక్కేస్తుందో హెచ్.ఆర్.ను మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగికి ఇంకో రోజు ఎక్కువ కావాలి. రెండో శనివారం 10వ తేదీ సెలవే, కానీ 17వ తేదీ మూడో శనివారం, పనిరోజు. కనుమకు ఐచ్ఛికం, ముక్కనుమకు క్యాజువల్ లీవు.

ఆ ఏడాది మిగతావి తొందరగా చూసేయొచ్చు. ఉగాది గురువారం, మర్నాడు ఒక్క సెలవుతో నాలుగు రోజులు. రంజాన్ ఆ శనివారంలో కలిసిపోయింది. అంబేద్కర్ జయంతి ఏప్రిల్ 14 మంగళవారం, సోమవారం పెడితే నాలుగు. దసరా కూడా మంగళవారమే. రిపబ్లిక్ డే, వినాయక చవితి సోమవారాలు. గుడ్ ఫ్రైడే, గాంధీ జయంతి, క్రిస్మస్ శుక్రవారాలు. ఈ సోమ, శుక్రవారాలకు సొంత సెలవు అక్కర్లేదు. అక్కర్లేదు కాబట్టే ఆ మూడు రోజులూ అరకులో గది దొరకదు, శ్రీశైలం దారి కదలదు. ఆ వారాంతాల్లో ఇంట్లో ఉండి, ఏ పండగా లేని వారంలో రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లడమే నాకు ఎప్పుడూ మేలనిపించింది. పిల్లల బడి ఉంటే అది కుదరదు, నిజమే. ఆంధ్రలో బడులకు సంక్రాంతి సెలవులు పెద్దవి, తెలంగాణలో దసరావి. అన్నదమ్ములు చెరో రాష్ట్రంలో ఉంటే పిల్లలందరూ ఒకచోట చేరడానికి వేసవే దిక్కు.

టికెట్టు ముందా, సెలవు ముందా

2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. జనవరి 13 ప్రయాణానికి నవంబరు 14 ఉదయం ఎనిమిదింటికి బుకింగ్ తెరుస్తారు. 18న తిరిగి రావడానికి నవంబరు 19న. రెండూ ఒకే రోజు తెరుచుకోవు. ఈ చిన్న విషయం మరిచి వెళ్లే టికెట్టు మాత్రం చేతిలో పట్టుకుని కూర్చునేవాళ్లు చాలామంది. ఇంకో మెలిక కూడా ఉంది. అరవై రోజులు లెక్కించేది రైలు మొదలయ్యే స్టేషన్ తేదీని బట్టి. ముందురోజు సాయంత్రం ఎక్కడో బయల్దేరి అర్ధరాత్రి దాటాక మీ ఊరికి వచ్చే రైలైతే, బుకింగ్ కూడా ఒక రోజు ముందే తెరుచుకుంటుంది. ఏదీ కాకపోతే తత్కాల్. ప్రయాణానికి ముందురోజు ఏసీకి పది గంటలకు, స్లీపర్‌కి పదకొండుకు.

కాబట్టి పై అధికారితో సెలవు మాట నవంబరు 14 లోపే అవ్వాలి. తిరుమల కూడా కలుపుకుంటే ఇంకా ముందు. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు సుమారు మూడు నెలల ముందే విడుదల చేస్తారు. దర్శనం తేదీ దొరికాక రైలు, ఆ రెండూ కుదిరాక ఆఫీసులో దరఖాస్తు. మాట మాత్రం అన్నిటికన్నా ముందే వేసి ఉంచాలి.

టీములో అందరూ ఒకే రోజులు అడుగుతారు. మా దగ్గర కుదిరిన పద్ధతి చాలా మామూలుది: సంక్రాంతికి వెళ్లినవాళ్లు రంజాన్‌కు, క్రిస్మస్‌కు డ్యూటీలో ఉంటారు. అక్టోబరులోనే అందరం కూర్చుని మాట్లాడుకుంటే జనవరిలో ముఖాలు మాడ్చుకోవడం ఉండదు.

ఇక తిరుగు ప్రయాణం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు మన పెద్దలు. ఆ మాట చాలామంది ఇప్పటికీ పాటిస్తారు, అందుకే కదలికంతా ముక్కనుమ నుంచి మొదలవుతుంది. 2026లో అది శనివారం. శని, ఆదివారాల్లో విజయవాడ హైవే మీద, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ గేటు ముందు బారులు తీరే కార్లు ఏటా పేపర్లో చూసే ఫొటోనే. అమలాపురానికి రైలు లేదు, రాజమండ్రి దాకా బస్సులో వచ్చి రైలెక్కాలి. ఒక్క సెలవు అదనంగా ఉంటే దాన్ని వెళ్లేటప్పుడు కాకుండా వచ్చేటప్పుడు, 19 సోమవారానికి పెట్టమంటాను. అమ్మ దగ్గర ఇంకో పూట భోంచేసి నెమ్మదిగా బయల్దేరొచ్చు. కనుమకు ఐచ్ఛికం వాడి, 12, 13 తేదీలు పెట్టకుండా ఉంటే ఈ సోమవారానికీ శాండ్‌విచ్ బెడద ఉండదు.

ఏ జాబితాలోనూ లేని రోజులు

క్యాజువల్ లీవులు డిసెంబరు 31తో మురిగిపోతాయని ఏడాది చివర హడావిడిగా వాడేస్తుంటారు చాలామంది. నేను మాత్రం ముందే నాలుగు పక్కన పెడతాను. నాన్నగారి తద్దినం మాఘ శుద్ధంలో వస్తుంది. ఒక ఏడాది జనవరి చివర, మరో ఏడాది ఫిబ్రవరి నడుమ. ఏ ప్రభుత్వమూ దానికి సెలవివ్వదు. ఆదివారానికి జరపడానికి కుదరదు, తిథి నాడే పెట్టాలి. దగ్గరి బంధువుల పెళ్లిళ్లదీ అదే దారి. మూఢం పోయి, ముహూర్తాలు మొదలయ్యాక అందరి పెళ్లిళ్లూ కొన్ని రోజుల్లోనే కుదురుతాయి. వాటిలో సగం బుధ, గురువారాలే. పండగ పక్కన ఒక రోజు అంటించుకుని విశ్రాంతి తీసుకోవడం కోసం సెలవులన్నీ అవగొట్టేస్తే, మేనకోడలి పెళ్లికి జీతం నష్టంతో వెళ్లాల్సి వస్తుంది.

ఈ తేదీల కోసం ప్రభుత్వ జాబితా వచ్చేదాకా ఆగక్కర్లేదు. పంచాంగం ఉగాది నుంచి ఉగాది దాకా ఉంటుంది. 2026 మార్చిలో కొన్న పరాభవ నామ సంవత్సర పంచాంగంలో 2027 సంక్రాంతి ఉంది, మాఘం ఉంది, పెళ్లి ముహూర్తాలు ఉన్నాయి. ఉగాది పచ్చడి తిన్నాక ఆ పుస్తకం ముందేసుకుని ముందు నాన్నగారి తిథి, తర్వాత కనుమ, ఆ తర్వాతే మిగతావి గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గుర్తు పెడతాం. రైలు బుకింగ్ తెరిచే తేదీని దాని పక్కనే అమ్మ రాయిస్తుంది.